ఇసుక దిబ్బ కింద తియ్యటి నీళ్లు.. సముద్రం చూడబోతే ఇవీ చూసి రండి

జహీరాబాద్ మీదుగా పోయే పెద్ద రోడ్డు ఎక్కడి దాకా పోతుందని ఎవరినైనా అడగండి. ఇటు హైదరాబాద్, అటు సోలాపూర్ అంటారు. కాగితాల్లో అది 65వ నంబరు జాతీయ రహదారి. పాత నంబరు 9. పుణెలో మొదలై, మన చెరకు చేల పక్క నుంచే సాగి, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నంలో సముద్రం దగ్గర ఆగుతుంది. మన దగ్గర్నుంచి సుమారు 450 కిలోమీటర్లు. రోజూ దాటే రోడ్డే గాని, దాని చివరిదాకా పోయినవాళ్లు మనలో తక్కువ.

ఈమధ్య పోతున్నారు. కందులు కల్లం నుంచి ఇంటికి చేరాక, నలుగురు కూడి విజయవాడ దుర్గమ్మ దర్శనం చేసుకుని, ఒక పూట సముద్రంలో మునిగి, ఫోటోలు దిగి వచ్చేస్తున్నారు. తప్పేం లేదు. కాకపోతే ఒడ్డు మీదున్న ఇసుక దిబ్బలను ఎవరూ చూడరు. రైతుకు పనికొచ్చే సంగతి అక్కడే ఉంది. ఉప్పు సముద్రానికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో, మనిషి లోతు గుంటలో తియ్యటి నీళ్లు ఊరుతాయి. వాటితో వేరుశనగ, కూరగాయలు, కనకాంబరాలు పండిస్తారు. ఐదారు వందల అడుగులు బోరు వేయించి దుమ్ము చూసి, అప్పు మోస్తున్నవాళ్లు మన మండలంలో ఎంతమంది లేరు! అలాంటివారు ఆ గుంట గట్టు మీద ఒక్కసారి నిలబడి చూడాలి.

ఎక్కడికి పోవాలి?

ముందుగా ఒక మాట. రోడ్డు చివర ఉన్నది గదా అని మచిలీపట్నం దగ్గరి మంగినపూడికి పోతే దిబ్బలు చూడలేరు. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు కలిసి అక్కడి తీరం నల్ల బురదగా ఉంటుంది. ఇసుక దిబ్బలకు బాపట్ల, చీరాల వైపు పోవాలి. బాపట్ల 2022 నుంచి జిల్లా కేంద్రం. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. బాపట్ల నుంచి సూర్యలంక తీరం 9 కిలోమీటర్లు. పర్యాటక శాఖ వారి బస ఉంది గాని, బాపట్ల ఊళ్లో దిగి పోయి రావడమే మనబోటి వాళ్లకు చవక. చీరాలలో దిగితే వాడరేవు దగ్గర. ఆ పక్కనే వేటపాలెం.

శీతాకాలం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల భయం ఉంటుంది. మార్చి దాటితే ఎండకు ఇసుక మీద కాలు పెట్టలేరు. నేను మొదటిసారి పోయినప్పుడు మిట్టమధ్యాహ్నం చెప్పులు చేత పట్టుకుని దిబ్బ ఎక్కబోయి, సగం దారిలో తువ్వాల పరుచుకుని దాని మీద నిలబడ్డాను. ఉదయం 6 నుంచి 9 లోపు, సాయంత్రం 4 తర్వాత నడవండి. తెల్లవారి వెలుగు ఏటవాలుగా పడి ఇసుక మీది గీతలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

దిబ్బ ఎలా కడుతుంది?

మనం కల్లంలో తూర్పారబడతాం గదా. చేటలోంచి వదిలితే గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు కొంత దూరం పోతుంది, దుమ్ము ఊరవతలికి పోతుంది. సముద్రపు గాలి చేసేదీ ఇదే పని. అలలు తెచ్చి ఒడ్డున పోసిన ఇసుక ఎండగానే గాలి దాన్ని తూర్పారబడుతుంది. గవ్వ ముక్కలు, దొడ్డు ఇసుక అక్కడే ఉంటాయి. సన్నటి దుమ్ము ఎగిరి పోతుంది. నడిరకం ఇసుక ఎగరలేదు, ఊరుకోనూలేదు. గంతులు వేస్తూ పోతుంది. ఒక రేణువు గంతు వేసి పడి ఇంకో రెండింటిని లేపుతుంది. దారిలో ఒక తుప్పో తీగో అడ్డం వస్తే దాని చాటున ఆగుతుంది. ఆగిన ఇసుక వెనక వచ్చేదాన్ని ఆపుతుంది. ఇట్లా ఏళ్ల తరబడి కట్టిందే దిబ్బ. అందుకే దిబ్బలో ఇసుక పిడికెడు తీసి చూస్తే జల్లెడ పట్టినట్టు అంతా ఒకటే సైజు ఉంటుంది. తడి ఒడ్డు నుంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి పోల్చండి. పిల్లలుంటే ఒక అయస్కాంతం తీసుకుపోండి. ఇసుకలో తిప్పితే నల్ల రేణువులు అంటుకుని వస్తాయి. ఇనుము కలిసిన ఖనిజాలు అవి.

దిబ్బకు రెండు వాలులు ఉంటాయి. గాలి వచ్చే వైపు మెల్లగా ఎక్కుతుంది. అవతలి వైపు నిట్టనిలువుగా దిగుతుంది. ఆ దిగుడు వాలు సుమారు 33 డిగ్రీలు. ఎండు ఇసుక అంతకంటే నిలువుగా నిలవదు, జారుతుంది. జొన్నలు రాశి పోసినప్పుడు ఎంత పెద్ద రాశి పోసినా వాలు ఒకేలా ఉంటుంది గదా, ఇదీ అంతే. ఈ రెండు వాలులు చూసి ఆ ఊళ్లో గాలి ఎటు నుంచి ఎక్కువ వీస్తుందో ఎవరినీ అడక్కుండా చెప్పవచ్చు.

దిబ్బను పట్టి ఉంచేది మొక్కలు. అన్నిటికంటే ముందు, సముద్రం వైపు, బాలబంద తీగ పాకుతుంది. ఆకు మేక గిట్ట మాదిరి రెండుగా చీలి ఉంటుంది, పూలు ఊదారంగు. ఇసుక మీద పడి కప్పేస్తే కొత్త వేళ్లు వేసి మళ్లీ పైకి లేస్తుంది. దాని పక్కనే సూదుల్లాంటి ఆకులున్న గడ్డి. రావణాసురుడి మీసాలు అంటారు. దాని విత్తనాల బంతి గాలికి ఒడ్డు వెంట దొర్లుకుంటూ పోతుంటే పిల్లలు వెంటపడతారు. కాళ్లకు గుచ్చుకుంటుంది, జాగ్రత్త. వెనక వరుసలో మొగలి పొదలు, తాళ్లు, ఆపైన సరుగుడు, జీడిమామిడి తోటలు. సరుగుడు వేరు తవ్విన చోట కనిపిస్తే పరిశీలించండి. కంది, శనగ వేళ్లకు ఉన్నట్టు బుడిపెలు ఉంటాయి. అది పప్పుజాతి కాదు. అయినా వేరే రకం సూక్ష్మజీవి సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. ఏమీ లేని ఇసుకలో అది పచ్చగా నిలబడటానికి అదొక కారణం.

ఆ తీగల మీద నడవకండి. వంద మంది నడిచిన దారి బోడిగా మారుతుంది, ఆ సందులోంచి గాలి దిబ్బను తవ్వడం మొదలుపెడుతుంది. మన చెలకలో బండి దారి వానకు వాగు అయినట్టే.

నీళ్లు ఎక్కడివి?

ఇక అసలు సంగతి. సముద్రం పక్కన తవ్వితే ఉప్పునీళ్లు రావాలి గదా, తియ్యటి నీళ్లు ఎట్లా?

ఆ నీళ్లు సముద్రానివి కావు, వానవి. ఇసుక మీద పడ్డ వాన పారదు, ఇంకుతుంది. ఇంకిన నీరు కిందికి పోయి అక్కడున్న ఉప్పునీటి మీద నిలుస్తుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. లీటరు మంచినీళ్లు కిలో తూగితే, లీటరు సముద్రపు నీళ్లు కిలో మీద ఇంకో 25 గ్రాములు తూగుతాయి. ఈ కొద్ది తేడాతోనే పాల మీద మీగడలా మంచినీరు పైన తేలుతుంది. ఇంట్లో చేసి చూడండి. గ్లాసులో సగం దాకా ఉప్పు బాగా కలిపి పసుపు వేసిన నీళ్లు పోసి, దాని మీద చెంచా ఆనించి మెల్లగా మామూలు నీళ్లు వదలండి. రెండు పొరలూ విడివిడిగా నిలుస్తాయి. ఆ చెంచాతోనే ఒక్కసారి గిర్రున తిప్పండి, అంతా ఉప్పే.

దీనికి ఒక లెక్క ఉంది. నూరేళ్లకు పైగా కింద హాలెండ్ ఇంజినీరు ఒకాయన, జర్మనీ ఇంజినీరు ఇంకొకాయన వేర్వేరుగా కట్టిన లెక్క. వెయ్యి గ్రాములను పై 25తో భాగిస్తే 40. అంటే సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున దిబ్బలో మంచినీరు నిలిస్తే, ఆ మట్టం కింద 40 అడుగుల దాకా మంచినీరే ఉండగలదు. వినడానికి బాగుంది. దీన్నే తిప్పి చదవండి. పై నుంచి ఒక అడుగు నీటి మట్టం తగ్గించి అట్లాగే ఉంచితే, కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి రాగలదు. నిజంగా నేలలో రెండు నీళ్ల మధ్య కొంత కలగలుపు ఉంటుంది కాబట్టి లెక్క అచ్చంగా అంతే రాదు. దారి మాత్రం అదే.

దిబ్బ ఎంత ఎత్తుంటే నీళ్లు అంత పదిలం అని ఆ ఊళ్ల రైతులకు ఈ లెక్కలు రాకముందే తెలుసు. ఇసుక తవ్వి అమ్మితే, దిబ్బ చదును చేసి రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీరు నిలిపితే, పక్క చేలో నీళ్లు ఉప్పగా మారతాయి. తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు 1991లోనే వచ్చింది. ఆ తీరపు పట్టీలో పెద్ద ఎత్తున రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996లో కఠినమైన తీర్పు ఇచ్చింది. కాగితం మీద దిబ్బలకు రక్షణ ఉంది. మీరు పోయినప్పుడు దిబ్బ పక్కన నిలువుగా కోసిన గోడ కనిపిస్తే అది గాలి చేసిన పని కాదని గుర్తుపట్టండి. గాలి ఎప్పుడూ అట్లా కోయదు.

దొరువు అంటే..

నీళ్లు తోడే గుంటను అక్కడ దొరువు అంటారు. బావిలా నిలువుగా తవ్వరు, తవ్వితే ఇసుక జారి పూడుకుంటుంది. అంచులు వాలుగా, గరాటు ఆకారంలో తీస్తారు. పాత పద్ధతిలో మనిషి రెండు చేతులా రెండు కుండలతో వాలు దిగి, ముంచుకుని, ఎక్కి, మడి మీద చల్లేవాడు. మళ్లీ దిగేవాడు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు దిగి ఎక్కాలో ఆలోచించండి. ఇసుక నీటిని పట్టుకోదు కాబట్టి రోజూ కొంచెం కొంచెం పెట్టాల్సిందే. మనం నల్లరేగడిలో ఒక తడి పెట్టి పది, పదిహేను రోజులు నిమ్మళంగా ఉంటాం. అక్కడ అది కుదరదు. పశువుల పెంట, చెరువు మట్టి తోలి ఇసుకకు కాస్త పట్టు తెస్తారు.

ఆ కష్టంలో ఒక మేలు దాగి ఉంది. కుండతో తోడేవాడు ఎంత తోడగలడు? దొరువు అడుగున ఊరిన కాడికే తోడగలడు. పై మీగడ మాత్రమే తీసేవాడు, అడుగున ఉప్పు కదిలేది కాదు. తర్వాత మోటార్లు, ఫిల్టర్ పాయింట్లు వచ్చాయి. పని సులువైంది. గట్టిగా లాగిన చోట కొన్ని బావులు ఉప్పుకెక్కాయి.

దీనికి బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఒక మార్గం తయారు చేశారు. మెరుగుపరచిన దొరువు అని పేరు. లోతుకు పోకుండా అడ్డంగా పోవడం ఇందులోని కిటుకు. మధ్యలో ఒక చిన్న వరల బావి కడతారు. దానికి రెండు వైపులా, నీటిమట్టం కింద కొద్ది లోతులో, రంధ్రాలు చేసిన పీవీసీ పైపులకు నైలాన్ జాలి చుట్టి ఇసుకలో పడుకోబెడతారు. చుట్టుపక్కల పై పొర నీరంతా జాలిలోంచి వడిసి మెల్లగా బావిలోకి దిగుతుంది. చిన్న మోటారు పెట్టి తుంపర్ల ద్వారా గాని డ్రిప్ ద్వారా గాని పారిస్తారు. ఒకేచోట గుచ్చి లాగకుండా వెడల్పుగా, పల్చగా తీయడం వల్ల ఉప్పు పైకి లేవదు. మడిలో కుండల మోత తప్పింది, నీళ్లూ చెడలేదు.

బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది, 1945లో పెట్టింది. జీడిమామిడి పరిశోధన స్థానం కూడా అక్కడే. పని రోజుల్లో పోయి, రైతులమని చెప్పి, దొరువు ఏ ఊళ్లో చూడవచ్చో అడగండి. పది మంది కలిసి పోయేటట్టయితే ముందుగా ఉత్తరం రాయించుకోవడం మంచిది. మన దిడ్గిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, మండల వ్యవసాయాధికారిని గాని కలిసి ఆత్మ పథకం కింద విజ్ఞాన యాత్రకు వీలుందేమో కనుక్కోండి. నిధులు ఏటా ఒకేలా ఉండవు, అడిగినవారికే తెలుస్తుంది. ఎవరి చేలోకైనా అడగకుండా దిగవద్దు. అడిగి, దొరువు నీళ్లు దోసిట పట్టి ఒక గుక్క నాలుక మీద వేసుకుని రుచి చూడండి. ఆ రుచి నోట్లో ఉండగానే సముద్రం ఎంత దూరమో కొలుచుకోండి.

వైజాగ్ పోయేవారికి

పెళ్లికో, అన్నవరం, సింహాచలం యాత్రకో అటు పోతే విశాఖపట్నం నుంచి భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూడండి. పేరుకు మట్టే గాని అది ఇసుక. వేల ఏళ్ల కింద, భూమి మీద మంచు బాగా పెరిగిన కాలంలో సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. బయటపడ్డ నేల మీది ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసింది. తర్వాత వానలకు, ఎండలకు రేణువుల మీద ఇనుప తుప్పు పొర కట్టి ఎర్రబడింది. మన జహీరాబాద్ చెలకల ఎరుపు కూడా ఇనుప తుప్పే. తమిళనాడులో తూత్తుకుడి పక్క తేరి నేలలు కూడా ఇటువంటివే. భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ దీన్ని భూ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది.

రైతు అక్కడ చూడాల్సింది కోత. వాన నీరు ఎర్ర ఇసుకను మనిషి రెండు మూడు నిలువుల లోతున గండ్లుగా కోసింది. సినిమావాళ్లకు అది అందం. మనకు మాత్రం గట్టు వేయని చెలక చివరికి ఏమవుతుందో కనిపిస్తుంది. గండి అంచు మీద నిలబడకండి, ఎప్పుడు జారేదీ తెలియదు.

ప్రాణం ముఖ్యం

బావిలో ఈత వచ్చు గదా అని సముద్రంలో లోతుకు పోకండి. సూర్యలంకలో, వాడరేవులో ఇతర ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మునిగిపోయిన వార్తలు ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాం. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో నీరు నిమ్మళంగా, కాస్త నల్లగా ఉందంటే అక్కడ దిగవద్దు. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి పోయే దారి అది, మనిషిని లాక్కుపోతుంది. ఎప్పుడైనా చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. మోకాలి లోతు దాటకపోతే ఈ అవసరమే రాదు. జెండా పాతిన చోట, పోలీసులు, ఈతగాళ్లు కాపలా ఉన్న చోటే దిగండి.

సూర్యలంకలో వైమానిక దళం స్థావరం ఉంది. కంచె దగ్గరికి పోవద్దు, ఫోటోలు తీయవద్దు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు సముద్రపు తాబేళ్లు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. టార్చి వేసి, చుట్టూ మూగి బెదిరించకండి. బెదిరితే గుడ్లు పెట్టకుండానే తిరిగి నీళ్లలోకి పోతుంది.

దిబ్బ మీద పడుకుని పిల్లలు సొరంగం తవ్వుతారు, ఎండు ఇసుక కూలితే ఊపిరాడదు. మోకాలి లోతు గుంట చాలు. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు, తలకు తువ్వాల, కాళ్లకు చెప్పులు.

అక్కడివారితో మాట కలిపితే 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన సంగతి, 2004 డిసెంబరు 26 సునామీ సంగతి చెబుతారు. దిబ్బ చెక్కుచెదరని చోట నీళ్లు లోపలికి తక్కువ వచ్చాయని సునామీ తర్వాత పరిశీలించినవారు రాశారు. ఆ ఊళ్ల పెద్దలు దిబ్బను ఊరికి గట్టు అనే లెక్కలోనే చూస్తారు.

వచ్చేటప్పుడు ఇంకో మజిలీ

ఇంటికి వచ్చాక ఒక పూట వీలు చేసుకుని బీదర్ పోండి. మనకు సుమారు 30 కిలోమీటర్లు. దొరువు చూసి వచ్చిన కంటితో అక్కడి నౌబాద్ కరేజ్ చూడాలి. బహమనీ సుల్తానుల కాలంలో, అంటే ఐదారు వందల ఏళ్ల కింద, నేల లోపల అడ్డంగా తొలిచిన నీటి సొరంగం. పైన మన దగ్గర ఉన్నలాంటి ఎర్ర జాజురాయి, కింద నల్లరాయి. పైరాయిలోంచి దిగిన వాన నీరు కిందిరాయి మీద ఆగుతుంది. ఆ ఆగిన చోటును వెతుక్కుంటూ సొరంగం పోయింది. వాలు వెంట నీరు తనంతట తానే పారుతుంది. మోటారు లేదు, బోరు లేదు. ఇసుకలో పీవీసీ పైపు అడ్డంగా పడుకోబెట్టిన బాపట్ల పద్ధతి, రాతిలో సొరంగం అడ్డంగా తొలిచిన బీదర్ పద్ధతి ఒకటే ఆలోచన. మన జహీరాబాద్ చెలకలూ అదే జాజురాయి మీద ఉన్నాయి. మన పాత దిగుడు బావుల్లో చాలావాటికి నీళ్లు వచ్చింది ఆ రెండు రాళ్ల మధ్య పొర నుంచే. పూడిపోయిన పాత బావి మీ చేలో ఉంటే, కొత్త బోరుకు పైసలు తీసే ముందు దాని పూడిక తీయించడానికి ఎంత అవుతుందో, పక్కన ఇంకుడు గుంత తీస్తే వాన నీరు దాని వైపు మళ్లుతుందో లేదో కృషి విజ్ఞాన కేంద్రం వారిని పిలిచి చూపించండి.

కరేజ్ దగ్గర పై నుంచి తీసిన గాలి బావులు వరుసగా ఉంటాయి. వాటి అంచు దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. లోపలికి దిగాలంటే కాపలా ఉన్నవారిని అడిగే దిగండి. వానాకాలంలో అసలు దిగవద్దు.